గరిటెల స్టాండులో ఫోను

మొదటి మంగళవారం ఉదయం పదకొండింటికి మా ముందు గదిలో ఉన్నవాళ్ళు: మంచం మీద మూడు దిండ్లకు ఆనుకుని నాయనమ్మ, ఆమె పక్కన స్టూలు మీద అమ్మ, గుమ్మం దగ్గర నేను. ఉన్న వస్తువులు: మడత బల్ల, దాని మీద నా పాత ల్యాప్‌టాప్, మంచినీళ్ళ గ్లాసు, మూతి తుడవడానికి తువ్వాలు, ఇనప బీరువా, బీరువా మీద తాతయ్య ఫొటో. ల్యాప్‌టాప్ తెర మీద, విజయవాడ నుంచి, మాట నేర్పే మేడమ్. వంటింట్లో, కిటికీ చువ్వల పక్కన, గరిటెల స్టాండులో నా ఫోను.

నాన్న లేడు. ఆయన రైల్వే యార్డులో వేగన్ల ఫిట్టరు. ఆ వారం పగటి డ్యూటీ.

ఫోను వంటింట్లో ఎందుకుందో ముందు చెప్పాలి. మా ఇల్లు జంషెడ్‌పూర్‌లో, బాగ్‌బేరాలో, యార్డు ప్రహరీ పక్క వరసలో ఉంది. కింది వాటా. ఇంటర్నెట్ కేబుల్ వేయడానికి వచ్చిన మనిషి స్తంభాన్ని చూశాడు, ప్రహరీని చూశాడు, తీగ రైల్వే స్థలం మీదుగా రావాలి కాబట్టి అనుమతి కావాలన్నాడు. దరఖాస్తు పెట్టాం. రెండుసార్లు పెట్టాం. అది వచ్చేలోగా నా ఫోనులో రోజుకి వచ్చే రెండు జీబీలే మా ఇంటి ఇంటర్నెట్.

ఫోను తీసుకెళ్ళి నాయనమ్మ ముందే పెట్టొచ్చు కదా అని చాలామంది అడిగారు. కుదరదు. సిగ్నల్ కొలిచే యాప్ పెట్టుకుని ఇంట్లో పద్నాలుగు చోట్ల నిలబడి కొలిచాను. ఆ అంకె ఎప్పుడూ మైనస్‌లో ఉంటుంది. సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. నాయనమ్మ మంచం దగ్గర మైనస్ నూట పదిహేడు. పెరటి గుమ్మంలో మైనస్ నూట ఎనిమిది. వంటింటి కిటికీలో మైనస్ తొంభై ఏడు. టవరు యార్డుకి అవతల ఉంది, మా ఇంట్లో అటు చూసే కిటికీ అదొక్కటే. నాయనమ్మని అక్కడికి తీసుకెళ్ళలేం. ఆమెకి పక్షవాతం వచ్చి అప్పటికి రెండు నెలలు. కుడి కాలూ కుడి చెయ్యీ ఇంకా మాట వినడం లేదు. పైగా ఫోను తెర ఆమె కళ్ళకి ఆనదు. అందుకని ఫోను కిటికీ దగ్గర, దాని హాట్‌స్పాట్ పట్టుకుని ల్యాప్‌టాప్ ముందు గదిలో. మధ్యలో తొమ్మిది మీటర్లు, తెరిచి ఉంచిన తలుపు ఒకటి. ఫోను చువ్వల ఎత్తులో నిలువుగా ఉండాలి. ఆ ఎత్తున ఉన్నది గరిటెల స్టాండు. అట్లకాడకీ చిల్లుల గరిటెకీ మధ్య ఫోను సరిగ్గా పట్టింది.

హాట్‌స్పాట్‌కి పేరు పెట్టమని ఫోను అడిగితే 'నాయనమ్మ' అని పెట్టాను. మర్నాడు పక్కింటి పిన్ని ప్రహరీ దగ్గర నిలబడి అమ్మతో అంది:

"అప్పా, నా ఫోన్లో మీ అత్త కనిపిత్తంది. లోపలికెల్దారంటే తాళం ఏసీసుకుంది."

పేరు మార్చలేదు.

క్లాసు మంగళవారం, శుక్రవారం, పదకొండు నుంచి ముప్పావు గంట. ఆ సమయానికి కొన్ని షరతులు కాగితం మీద రాసి వంటింటి తలుపుకి అంటించాను. ఇంకో ఫోనేదీ హాట్‌స్పాట్‌కి కలవకూడదు. అమ్మ సీరియల్ ఆ రెండు రోజులూ క్లాసు అయ్యాకే చూడాలి. కుక్కరు పెట్టకూడదు. స్టాండులోంచి గరిటె తీయకూడదు. చివరిది రెండో క్లాసులోనే భంగమైంది. మేడమ్ ముఖం తెర మీద గడ్డకట్టుకుపోతే వంటింట్లోకి పరిగెత్తాను. ఫోను బోర్లాపడి ఉంది, అమ్మ పప్పు కలుపుతోంది.

"అమ్మా, బోలా థా నా!" అన్నాను, చెప్పాను కదా అని.

"బోలా సరే, పప్పు మాడిపోతంటే ఏటి సెయ్యమంటావు? మీ మేడమొచ్చి కలుపుద్దా?"

క్లాసు అవగానే రెండు గరిటెలు విడిగా ఒక చెంబులో పెట్టి పొయ్యి పక్కన ఉంచాను.

నేను అమ్మతో కూడా హిందీలో మాట్లాడటం చూశారు కదా. ఇంట్లో పెద్దవాళ్ళు తెలుగులో అడుగుతారు, నేను హిందీలో చెప్తాను. చిన్నప్పటి నుంచి అంతే. "తిన్నావేట్రా?" అని నాయనమ్మ అడిగితే "ఖా లియా" అనేవాణ్ణి, తిన్నానని. ఆమె దాన్ని తప్పుగా ఎప్పుడూ అనుకోలేదు. ఆమె హిందీ మాత్రం కూరల బండి దగ్గర ఆగిపోయింది. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళయి వచ్చి నలభై ఏడేళ్ళయినా, ఎంత, తగ్గించు, పుచ్చింది ఇవ్వకు, ఈ మూడే ఆమె ధాటిగా అనగలిగేది. ఆస్పత్రిలో మాట నేర్పే ఆమె ఓపికగల మనిషే. బొమ్మ చూపించి "అమ్మాజీ, యే క్యా హై?" అని, ఇదేమిటని అడిగేది. నాయనమ్మ బొమ్మని వదిలేసి ఆమె గాజులు చూస్తూ కూర్చునేది. నాలుగుసార్లు అలా అయ్యాక ఆమే చెప్పింది, తెలుగులో చెప్పేవాళ్ళని వెతకండి, వీడియోలో అయినా సరే అని. అలా దొరికారు విజయవాడ మేడమ్. మొదటి రోజే నాతో అన్నారు:

"మీరు కూడా ఇంట్లో మామ్మగారితో తెలుగే మాట్లాడండి. ఆవిడకి ఒక్క భాషే చాలా బరువుగా ఉంది, రెండోది మోయించకండి."

సరేనన్నాను. మొదటి వారం నేను నాయనమ్మతో దాదాపు ఏమీ మాట్లాడలేదు. ప్రతి వాక్యం ముందు ఆలోచించాల్సి వచ్చేది.

క్లాసులో పని ఇదీ. మేడమ్ దగ్గర ఇరవై నాలుగు బొమ్మల కార్డులు. ఒక్కో కార్డు వెనక దాని పేరు. మంగళవారాలు సాధన, శుక్రవారాలు లెక్క. శుక్రవారం ఇరవై నాలుగూ వరసగా చూపిస్తారు, నాయనమ్మ పేరు చెప్పాలి, కార్డు వెనక ఉన్న మాట వినిపిస్తే ఒక మార్కు. ఎనిమిదో శుక్రవారం అసలు పరీక్ష. అందులో పన్నెండు దాటకపోతే మాట మీద పెట్టే సమయం తగ్గించి బొమ్మల పలక మీద పెట్టాలని మేడమ్ ముందే చెప్పారు. నీళ్ళు, అన్నం, నొప్పి, మరుగుదొడ్డి, ఇలా పన్నెండు గళ్ళున్న పలక. కావలసింది వేలితో చూపించాలి.

"అది ఓడిపోవడం కాదండి. దాహమైతే చెప్పగలగాలి కదా ఆవిడ," అన్నారు.

న్యాయమే. పలక ప్రింటు తీయించి, పైన ప్లాస్టిక్ వేయించి తెచ్చాను. మంచం పక్క బల్ల మీద పెట్టాను. నాయనమ్మ ఎడమ చేత్తో దాన్ని బోర్లించి, దాని మీద మంచినీళ్ళ గ్లాసు పెట్టింది. తీసి మళ్ళీ తిరగేశాను. మళ్ళీ బోర్లించింది. ఈసారి గ్లాసు గట్టిగా పెట్టింది, నీళ్ళు ఒలికాయి.

"అదొద్దు మా అత్తకి," అంది అమ్మ. "ఈదికంతా ఇనపడేలా తిట్టిన మనిషి. ఏలెట్టి సూపించమంటే సూపిత్తదేటి?"

పక్షవాతం వచ్చినప్పటి నుంచీ మా ఇంట్లో తిట్లు లేవు. బూట్లతో లోపలికి వచ్చినా, తువ్వాలు మంచం మీద పడేసినా ఎవరూ ఏమీ అనలేదు. నాన్న ఒకసారి కావాలనే తడికాళ్ళతో ముందు గదిలోంచి నడిచాడు. నాయనమ్మ నోరు తెరిచింది, మాట రాలేదు, మూసేసింది. నాన్న వెళ్ళి గుడ్డ తెచ్చి నేల తుడిచాడు.

నేను ఆదిత్యపూర్‌లో ఒక చిన్న ఇంజనీరింగ్ యూనిట్‌లో ఇన్‌స్పెక్షన్‌లో పనిచేస్తాను. లేతు మీద తయారై వచ్చే బుష్‌లు, అంటే బోలుగా ఉండే ఉక్కు గొట్టపు ముక్కలు, వాటి లోపలి కొలత సరిగ్గా ఉందో లేదో చూసి పాస్ చెయ్యడమో పక్కన పెట్టడమో నా పని. క్లాసులు జరిగిన రెండు నెలలూ మధ్యాహ్నం షిఫ్టు అడిగి తీసుకున్నాను. అలవాటు కొద్దీ క్లాసు వివరాలు కూడా నోట్‌బుక్‌లో గళ్ళు గీసి రాసేవాణ్ణి. తేదీ, మొదలైన సమయం, సిగ్నల్ అంకె, ఎన్నిసార్లు తెగింది, మార్కులు, వేరే విషయాలు.

మొదటి శుక్రవారం తొమ్మిది. రెండోది పది. మూడో శుక్రవారం ఆరు.

ఆ మూడో శుక్రవారం చేప బొమ్మ దగ్గర ఆగిపోయింది. నాయనమ్మ చూసింది, ఎడమ చెయ్యి ఎత్తి చూపించింది, అంది.

"మామ్మగారూ, ఇంకోసారి చెప్పండి?"

మళ్ళీ అంది.

"కొంచెం గట్టిగా, మొదటి అక్షరం నొక్కి, చే... చే..."

మూడోసారీ అంది. మేడమ్ తల అడ్డంగా ఊపి ఏదో రాసుకున్నారు. అప్పుడు నాయనమ్మ తెర మీంచి తల తిప్పి అమ్మ వైపు చూసి, స్పష్టంగా, ఒకే మాట అంది:

"సెవుడు."

అమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేడమ్‌కి ఆ మాట చేరలేదు, తెర అప్పటికే ఆగిపోయి ఉంది. నేను నోట్‌బుక్‌లో వేరే విషయాల గడిలో ఇలా రాశాను: కార్డులతో సంబంధం లేని మాట, ఒకటి.

నాలుగో శుక్రవారం తొమ్మిది. ఐదు, ఏడు. ఆరు, తొమ్మిది. మేడమ్ ఒక సందేశం పంపారు: చ అక్షరంతో మొదలయ్యే మాటలన్నీ స గా వస్తున్నాయి, చాలా మాటల్లో మధ్య అక్షరాలు పడిపోతున్నాయి, పలక అలవాటు చేయడం ఇప్పుడే మొదలుపెడితే మంచిది. నాన్న అది నాతో రెండుసార్లు చదివించుకున్నాడు.

"మద్దెలో అచ్చరాలు పడిపోతన్నాయా? నాకెప్పుడూ అలా ఇనపడనేదే."

"నీకు అర్థమైపోతుంది కాబట్టి నాన్నా. నువ్వు కొడుకువి," అన్నాను, హిందీలోనే. నాయనమ్మతో తప్ప మిగతావాళ్ళతో నాది ఇంకా హిందీయే.

"కొడుకు సెవులు ఏరేగా ఉంటాయేట్రా?"

దానికి నా దగ్గర జవాబు ఉందనే అనుకున్నాను.

ఆ సాయంత్రం యూనిట్‌లో నా ముందుకు వచ్చిన బుష్‌లలో నలభైకి పదకొండు తప్పాయి. లేతు మనిషి ఒప్పుకోలేదు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడైన మా ఇన్‌చార్జి వచ్చి ఏమీ వాదించకుండా మాస్టర్ రింగు తెమ్మన్నాడు. మాస్టర్ రింగు అంటే లోపలి కొలత ముందే కచ్చితంగా తెలిసిన ఉక్కు వలయం. సరుకుని కాకుండా ముందు దాన్ని కొలవాలి. తెలిసిన అంకె వస్తే గేజు, అంటే మేం కొలిచే పనిముట్టు, మంచిది. రాకపోతే గేజే తప్పు చెప్తోంది. ఆ రోజు గేజు తప్పు చెప్పింది, దాని లోపలి పిన్ను అరిగింది.

"పెహలే గేజ్ కో పూఛో," అన్నాడు ఇన్‌చార్జి, ముందు గేజుని అడుగు అని. అని టీకి వెళ్ళిపోయాడు.

గేజు మార్చి పదకొండూ మళ్ళీ కొలిచాను. పది మంచివి. పదకొండోది చేతిలో ఉండగా నాయనమ్మ గుర్తొచ్చింది. మార్కులతో పాటు సిగ్నల్ అంకె కూడా ఆరు వారాలుగా రాస్తున్నాను, ఆ రెండు గళ్ళనీ పక్కపక్కన పెట్టి ఒక్కసారీ చూడలేదు.

ఇంటికి రాగానే చూశాను. ఆరు మార్కులొచ్చిన రోజు మైనస్ నూట ఆరు, పదకొండుసార్లు తెగింది. ఏడు వచ్చిన రోజు మైనస్ నూట ఐదు, తొమ్మిదిసార్లు. మిగతా నాలుగు రోజులూ తొంభై ఎనిమిది లోపే. వంటింటి కిటికీలో అంకె అంత ఎందుకు మారిందో నాకు తెలియలేదు. నాన్నని ఆ రెండు తేదీలూ అడిగాను. ఆయన తన డ్యూటీ డైరీ తీశాడు.

"ఆ రెండు దినాలూ ప్రహరీ పక్క లైన్లో రేక్ నిలబడిందిరా. యాబై ఎనిమిది మూసిన వేగన్లు."

మా కిటికీకీ టవరుకీ మధ్య ఇనప గోడలా ఆరువందల మీటర్ల గూడ్సు బండి.

"నాన్నా, శుక్రవారం పదకొండింటికి అక్కడ రేక్ లేకుండా..."

"మీ నాయనమ్మ పాటం కోసం గూడ్సు బండి జరపమంటావేటి? సెప్తాను, కంట్రోల్ ఆఫీసులో మా అమ్మ పేరు సెప్పి జరిపిత్తాను." నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "అయితే అమ్మ బాగానే మాటాడతందంటావా?" అని అడిగాడు.

తెలీదన్నాను. మాస్టర్ రింగు పెట్టి చూస్తే గానీ తెలీదు.

మాస్టర్ రింగు అమ్మ. మాట బాగా వచ్చని ముందే కచ్చితంగా తెలిసిన మనిషి. మేడమ్‌కి ఫోను చేసి నా ఆలోచన చెప్పాను. ఏడో మంగళవారం నాయనమ్మ బదులు అమ్మ తెర ముందు కూర్చుంటుంది, అదే ఇరవై నాలుగు కార్డులు, అదే పద్ధతిలో మార్కులు. ఊహించి సాయం చెయ్యకూడదు, చెవికి వినపడిందే రాసుకోవాలి. నేను తన మీద అనుమానపడుతున్నానని అనుకున్నారేమో అని భయపడ్డాను.

"మంచిదేనండి. ఇన్ని ఏళ్ళలో ఎవరూ అడగలేదు," అన్నారు.

ఆ మంగళవారం అమ్మ కొత్త చీర కట్టుకుంది. నాయనమ్మ మంచం మీంచి చూస్తోంది. అమ్మ ఒక్కో బొమ్మకీ టకటకా చెప్పింది, బడిలో పద్యం అప్పజెప్పినట్టు. సిగ్నల్ మైనస్ తొంభై ఎనిమిది, యార్డులో రేక్ లేదు, మంచి రోజు. అయిపోయాక మేడమ్ కాగితం చూసుకుని చెప్పారు:

"ఇరవై నాలుగుకి పదిహేనండి."

"పదిహేనేటి?" అమ్మ స్టూలు మీంచి లేచింది. "మేడమ్‌గారూ, నాకేటి పచ్చవాతమా? నేను టెన్తు పాసు!"

మంచం మీంచి ఒక శబ్దం వచ్చింది. నాయనమ్మ నవ్వుతోంది. మూతి ఎడమ పక్కకే నవ్వింది గానీ చాలాసేపు నవ్వింది.

పోయిన తొమ్మిది మార్కులూ ఒక్కొక్కటే విప్పి చూశాం. రెండు హాట్‌స్పాట్ మింగేసినవి. గొడుగులో మధ్య అక్షరం, పుస్తకంలో మొదటి అక్షరం మేడమ్ దాకా చేరలేదు. రెండు మాట వేరైనవి. కార్డు వెనక సొరకాయ అని ఉంటే అమ్మ ఆనపకాయ అంది, బకెట్టు అని ఉంటే బాల్టీ అంది. మిగిలిన ఐదు ఇవి: చేప, చెట్టు, చెప్పు, చీపురు, చెయ్యి.

"మీరు కూడా సేప అంటున్నారండి," అన్నారు మేడమ్.

"సేపని సేప అనక ఏటంటారు?"

మేడమ్ చెయ్యి నుదుటి మీద పెట్టుకున్నారు. ఆవిడది గుంటూరు. శ్రీకాకుళం వైపు మాట ఎలా ఉంటుందో తెలియక కాదని తర్వాత చెప్పారు. ఎదురుగా మంచం మీద రోగి కనిపిస్తుంటే విన్నదంతా రోగమే అనిపించిందట. "ఆ ఐదూ నేనే ఇచ్చుకోవాల్సిన మార్కులు," అన్నారు.

ఇదంతా నాకు ముందే తెలిసుండాలి. నేను పుట్టినప్పటి నుంచి ఆ ఇంట్లో సేప, సెట్టు అనే వింటున్నాను. కానీ ఏ రోజూ వాటిని నా నోటితో అనలేదు. నేను అనేది మఛ్లీ, పేడ్. మేడమ్ చ అని నొక్కి చెప్పినప్పుడు అదే సరైనదని నాకూ అనిపించింది.

ఆ మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్ళే ముందు నోట్‌బుక్ తీసి, మూడో శుక్రవారం గడిలో కార్డులతో సంబంధం లేని మాట అన్నది కొట్టేశాను. పక్కన సంబంధం ఉంది అని రాశాను.

ఇక చెయ్యాల్సినవి రెండే. మొదటిది మా ఇంటి మాటల జాబితా. ఇరవై నాలుగు కార్డులకీ మా ఇంట్లో ఏ మాట వాడతామో అమ్మ చెప్తుంటే నేను రాసి పంపాను. మేడమ్ ముందు కత్తెర, దుప్పటి అని బడి మాటలే చెప్పిన అమ్మ ఇప్పుడు కైంచీ, చాదర్ అని రాయమంటే, అవి హిందీ కదా అన్నాను. "మా ఇంట్లో అయ్యే తెలుగు," అంది. అలాగే పంపాను.

రెండోది హాట్‌స్పాట్. రేక్ ఎప్పుడు నిలబడుతుందో నాన్నకీ ముందు తెలియదు. వీడియోలో మాట జారిపోతే పోయినట్టే, ఆగి వెనక్కి రాదు. ఫైలు అలా కాదు. దారిలో ఏ ముక్క పోయినా, ఆ ముక్కని మళ్ళీ అడిగి తీసుకుని, మొత్తం చేరేదాకా వదలదు. అందుకని పరీక్ష రోజు మేడమ్ ఎప్పటిలా వీడియోలో కార్డులు చూపిస్తారు, నాయనమ్మ మాటలు మాత్రం ల్యాప్‌టాప్‌లో ఇక్కడే రికార్డవుతాయి, అయ్యాక ఆ ఫైలు పంపిస్తాం, మార్కులు దాన్ని విని వేస్తారు. మేడమ్ ఒప్పుకున్నారు. ఏడో శుక్రవారం, ఎనిమిదో మంగళవారం నాయనమ్మకి జ్వరం, క్లాసుల్లేవు. దాంతో మధ్యలో సరిచూసుకోవడానికి ఒక్క రోజు కూడా మిగల్లేదు.

ఎనిమిదో శుక్రవారం గదిలో నాన్న కూడా ఉన్నాడు. సెలవు పెట్టాడు. నిలబడే ఉన్నాడు, కూర్చోమంటే కూర్చోలేదు. పదకొండుకి పది నిమిషాల ముందు వంటింట్లోకి వెళ్ళి కిటికీలోంచి చూసి వచ్చాడు.

"పెట్టేసినారు. పూర్తి రేక్."

యాప్‌లో మైనస్ నూట ఏడు. ఆ ఎనిమిది వారాల్లో అన్నిటికంటే చెడ్డ అంకె. రికార్డింగు మొదలుపెట్టాను. పరీక్ష నడుస్తుండగా మేడమ్ ముఖం చాలాసార్లు ఆగింది, కార్డులు ముక్కలుముక్కలుగా వచ్చాయి. రెండుసార్లు బొమ్మ పూర్తిగా కనిపించేదాకా నాయనమ్మని ఆపాల్సి వచ్చింది. ఆమె విసుక్కోలేదు. చేప వచ్చినప్పుడు మేడమ్ కళ్ళలోకి చూసి, అందరికీ వినపడేలా "సేప" అంది. ఆనపకాయ చెప్పింది. కైంచీ చెప్పింది. గడియారం దగ్గర చాలాసేపు ఆగి, మాట గుర్తు రాలేదని "నేదు" అంది. నిచ్చెన రాలేదు. తాళం రాలేదు. కుక్కని మేక అని, వెంటనే తప్పని తెలిసి నాలుక కరుచుకుంది. నాన్న ప్రతి కార్డుకీ తనూ పెదాలు కదుపుతున్నాడు. అమ్మ మోచేత్తో పొడిచింది.

ఆఖరి కార్డు టెలిఫోను. నాయనమ్మ బొమ్మని చూసింది. తల తిప్పి, తెరిచి ఉన్న తలుపులోంచి వంటింటి వైపు చూసింది. తొమ్మిది మీటర్ల అవతల స్టాండులో నా ఫోను కనిపిస్తోంది.

"గరిటి," అంది.

రికార్డింగు ఆపాను.

ఫైలు పదకొండు ఎంబీ. మంచి రోజైతే నిమిషం పట్టదు. ఆ రోజు రేక్ వెనక నుంచి వెళ్ళడానికి ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. అంతసేపూ నాన్న స్టాండు ముందు నిలబడి ఫోనుకేసి చూశాడు. అమ్మ గరిటె జోలికి పోలేదు. ఫైలు చేరిందని రాగానే నాన్న పెరట్లో ముఖం కడుక్కొచ్చి, చూసుకోకుండా తడికాళ్ళతో ముందు గదిలోంచి నడిచాడు.

మంచం మీంచి వినపడింది.

"కాళ్ళు."

నాన్న అక్కడే ఆగిపోయాడు. వంగి తన కాళ్ళు చూసుకున్నాడు. "తుడుత్తానమ్మా," అన్నాడు, గుడ్డ కోసం వెళ్ళాడు. అది రికార్డులో లేదు.

పన్నెండూ నలభైకి స్టాండులో ఫోను మోగింది. మేడమ్ సందేశం. పలక అక్కర్లేదు, మంగళవారం ఎప్పటిలాగే మాటతోనే కొనసాగిద్దాం, కింద మార్కులు. అమ్మ నా భుజం మీంచి చదివింది.

"గరిటికి ఇయ్యనేదా?"

"టెలిఫోను బొమ్మకి గరిటె అంటే ఎలా ఇస్తారమ్మా?"

"మనింట్లో ఫోనుండేది గరిటిల్లోనే కదరా. ఆ కార్డుకేటి తెలుసు? అడుగు మేడమ్‌ని, ఒక్క మార్కు."

"లేదమ్మా. అది తప్పే."

ఆ మాటలు నేను తెలుగులో అన్నానని అమ్మ గమనించలేదు. పలకని బల్ల మీంచి తీసి బీరువా వెనక పెట్టాను. షిఫ్టుకి టైమయింది. ఫోను స్టాండులోంచి తీసుకుని జేబులో పెట్టుకుని, నోట్‌బుక్‌లో ఆ రోజు గళ్ళు నింపాను. సిగ్నల్ మైనస్ నూట ఏడు. తెగింది పద్నాలుగుసార్లు. మార్కులు ఇరవై నాలుగుకి పదహారు.